ఉరుగ్వేలో మీ ఓటు ఎవరికి? పార్టీ తర్వాత, ముందు లిస్టు నంబరు చూడండి

2024 అక్టోబరు 27, ఆదివారం. మోంటెవిడియోలో మా పేట బడి. ఒక తరగతి గదిలోకి పంపి తలుపు వేశారు. లోపల నేనొక్కదాన్నే. పిల్లల బల్లల మీద దొంతర్లు దొంతర్లుగా కాగితాలు. ప్రతి కాగితం మీదా ఫొటోలు, పేర్ల వరస, పైన పెద్ద అంకెల్లో ఒక నంబరు: 609, 1001, 90, 71, ఇంకా ఎన్నో. నా చేతిలో ఒక ఖాళీ కవరు. ఒక కాగితం తీసి అందులో పెడితే అదే ఓటు. సైకిలో చెయ్యో కారో చూసి బటన్ నొక్కి, బీప్ వినగానే బయటికొచ్చేసే అలవాటున్నదాన్ని. రెండు నిమిషాలు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాను. కావలసిన పార్టీ కనిపించింది. కానీ ఆ పార్టీవే పది రకాల కాగితాలున్నాయి. ఏది తీయాలి?

ఆ రెండు నిమిషాల తికమక ఇంకొకరికి రాకూడదనే ఇది రాస్తున్నాను. ఇక్కడ స్థిరపడిన మన కుటుంబాలు పెద్ద సంఖ్యలో లేవు. 2002 నుంచి భారతీయ ఐటీ ఇక్కడ ఉంది కాబట్టి వచ్చి వెళ్లేవాళ్లు ఎక్కువ, ఉండిపోయినవాళ్లు తక్కువ. ఆ ఉండిపోయినవాళ్లలో చాలామందికి ఓటుహక్కు సంగతే తెలియదు. ఉరుగ్వే పౌరసత్వం తీసుకుంటే భారత పాస్‌పోర్టు పోతుందని ఆగిపోతారు. కానీ ఇక్కడి రాజ్యాంగం 78వ అధికరణం వేరే దారి చూపిస్తుంది. మంచి నడవడిక ఉండి, ఇక్కడ కుటుంబం ఉండి, ఆస్తో వృత్తో ఉండి, పదిహేనేళ్లు నివాసమున్న విదేశీయుడు పౌరసత్వం తీసుకోకుండానే ఓటు వేయొచ్చు. నేను 2006లో వచ్చాను. అట్లా వచ్చిన ఓటే ఇది. ఇక్కడ లేని పాఠకులు కూడా చదవొచ్చు. లాటిన్ అమెరికా రాజకీయం అర్థం కావాలంటే మొదలుపెట్టడానికి ఇంతకన్నా తేలికైన దేశం లేదు. వైశాల్యంలో నేటి ఆంధ్రప్రదేశ్ కన్నా కాస్త పెద్దది. జనాభా మాత్రం 35 లక్షలు, అంటే హైదరాబాదులో సగం కూడా కాదు. పెరూలో ఎన్నికకో కొత్త పార్టీ పుట్టి, వచ్చే ఎన్నికకు కనపడకుండా పోతుంది. ఇక్కడి రెండు పార్టీలు మాత్రం మన సిపాయిల తిరుగుబాటు కన్నా పాతవి.

తలపట్టీలు, కండువాలు

మనకు కండువా ఎట్లాగో ఇక్కడ తలపట్టీ అట్లాగ. 1836లో మాజీ అధ్యక్షుడు రివెరా, అప్పటి అధ్యక్షుడు ఒరిబె మీద తిరగబడ్డాడు. కార్పింతెరియా అనేచోట రెండు సేనలూ ఎదురుపడ్డాయి. ఎవరు ఎవరి మనిషో తెలియాలి కదా. ఒరిబె మనుషులు తెల్లపట్టీ కట్టుకున్నారు. రివెరా మనుషులు మొదట లేత నీలం కట్టుకున్నారనీ, ఎండకూ వానకూ అది వెలిసి తెల్లపట్టీలాగే కనబడుతుంటే పోంచో, అంటే భుజాల మీద కప్పుకునే దుప్పటి, దాని లోపలి ఎర్ర గుడ్డ చించి కట్టుకున్నారనీ చెబుతారు. తెల్లవాళ్లు బ్లాంకోలు, ఎర్రవాళ్లు కొలొరాడోలు అయ్యారు. బ్లాంకోల అసలు పేరు నేషనల్ పార్టీ, అయినా ఎవరూ అట్లా పిలవరు. ఎరుపు చూసి కొలొరాడోలను కమ్యూనిస్టులనుకోకండి, మనవాళ్లలో ఈ పొరపాటు చాలామంది చేస్తారు.

ఆ తర్వాత దాదాపు డెబ్బై ఏళ్లు ఈ రెండు రంగులూ కొట్టుకుంటూనే ఉన్నాయి. ఊరు ఊరంతా ఒక రంగు, వియ్యాలు కూడా రంగు చూసే. ఇది ఎట్లా ఉంటుందో రాయలసీమవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1904లో మసొయెర్ దగ్గర బ్లాంకోల నాయకుడు అపారిసియో సరావియాకు తూటా తగిలి చనిపోవడంతో కత్తులు దించారు. అప్పటికి అధ్యక్షుడు కొలొరాడోల హోసే బాట్యె ఇ ఒర్దోన్యెస్. ఇవాళ్టి ఉరుగ్వే రూపురేఖలు చాలావరకు ఆయన గీసినవే. ఎనిమిది గంటల పనిదినం, భార్య కోరుకుంటే చాలు విడాకులు, చర్చికీ ప్రభుత్వానికీ తెగతెంపులు, ప్రభుత్వ సంస్థలు, అన్నీ ఆయన, ఆయన మనుషులు తెచ్చినవి. ఇక్కడ ఈస్టర్ వారాన్ని అధికారికంగా పర్యాటక వారం అంటారు, క్రిస్మస్‌ను కుటుంబ దినం అంటారు. మొదటి ఏడాది క్యాలెండర్ చూసి అచ్చుతప్పు అనుకున్నాను.

కొలొరాడోలు అట్లా తొమ్మిది దశాబ్దాలకు పైగా అధికారం వదల్లేదు. బ్లాంకోలు 1958లో గాని గెలవలేదు. కానీ ఓడినవాళ్లు ఊరికే కూర్చోలేదు, వాటా అడిగారు. 1931లో ప్రభుత్వ సంస్థల పదవులను రెండు పార్టీలూ పంచుకుంటూ ఒక ఒప్పందం రాసుకున్నాయి. అందులో వాటా దక్కని ఎర్రేరా అనే బ్లాంకో నాయకుడు దాన్ని చించులీన్ ఒప్పందం అని వెక్కిరించాడు. చించులీన్ అంటే నిప్పుల మీద కాల్చిన పేగులు, ఇక్కడి విందుల్లో మాంసం ఉడికేలోపు నంజుకుంటారు. పేరు నిలిచిపోయింది, పంచుకునే అలవాటూ నిలిచిపోయింది.

మూడో గుడారం 1971లో వేసినది, ఫ్రెంటే ఆంప్లియో. మన మాటల్లో విశాల వేదిక. కమ్యూనిస్టులు, సోషలిస్టులు, క్రైస్తవ ప్రజాస్వామ్యవాదులు, రెండు పాత పార్టీల్లో విసిగిపోయి వచ్చినవాళ్లు, ఒక రిటైర్డ్ జనరల్ లీబర్ సెరెన్యి, అందరూ ఒకే జెండా కిందికి వచ్చారు. ఇన్ని వామపక్ష ముక్కలు కలిసి యాభై ఏళ్లు దాటినా విడిపోకపోవడం ఉరుగ్వేలో నాకు అన్నిటికన్నా ఆశ్చర్యం. మన దగ్గర 1964లో ఒక్క పార్టీ చీలితే ఇప్పటిదాకా అతకలేదు. 1973 నుంచి 1985 దాకా సాగిన సైనిక పాలనలో ఫ్రెంటేను నిషేధించారు, సెరెన్యిని ఏళ్ల తరబడి జైల్లో పెట్టారు. 1989లో మోంటెవిడియో నగరాన్ని గెలిచారు, ఇప్పటికీ నగరం వాళ్లదే. 2002 బ్యాంకుల సంక్షోభంలో కొలొరాడోలు కుప్పకూలాక 2004లో మొదటి రౌండులోనే దేశాన్ని గెలిచారు. తబరే వాస్కెస్, హోసే ముహికా, మళ్లీ వాస్కెస్. 2020లో బ్లాంకోల లువిస్ లకాయె పోవ్ వచ్చాడు. 2025 మార్చి 1 నుంచి ఫ్రెంటేకే చెందిన యమండు ఒర్సి, ఒకప్పటి చరిత్ర పంతులు, అధ్యక్షుడు.

ఒకే గుడారంలో ఎన్ని పొయ్యిలు

ఇప్పుడు ఆ కాగితాల సంగతి. ఈ దేశంలో 1910 నుంచి ఒక విచిత్రమైన పద్ధతి ఉంది. ఒకే కాగితంతో పార్టీకీ, ఆ పార్టీలోని ఒక వర్గానికీ కలిపి ఓటు వేస్తాం. మన దగ్గర కూడా ప్రతి పార్టీలో వర్గాలుంటాయి. జిల్లాలో ఇద్దరు నాయకులు, ఒకరి పొడ ఒకరికి గిట్టదు. కానీ టికెట్టు ఎవరికన్నది అధిష్టానం తేలుస్తుంది, మనం తర్వాత వెళ్లి గుర్తు నొక్కి వస్తాం. ఉరుగ్వేలో ఆ వర్గాలకు నంబర్లు ఇచ్చి, ఎవరి బలమెంతో ఓటరే తేల్చమంటారు. 609 అంటే ముహికా వర్గం, ఒకప్పటి తుపమారో అనే వామపక్ష గెరిల్లాల వారసులు, ఒర్సి వచ్చింది అందులోంచే. 1001 కమ్యూనిస్టులు. 90 సోషలిస్టులు. ఈ మూడూ ఫ్రెంటేవే. 71 బ్లాంకోలలో ఎర్రేరా వర్గం. పార్టీకి పడిన మొత్తం ఓట్లను బట్టి సీట్లు వస్తాయి, పార్టీ లోపల ఏ నంబరుకు ఎన్ని పడ్డాయో చూసి ఆ సీట్లు పంచుతారు.

పాత రోజుల్లో ఇది ఇంకా తమాషాగా ఉండేది. ఒక్కో పార్టీ తరఫున ముగ్గురు నలుగురు అధ్యక్ష అభ్యర్థులు నిలబడేవారు. 1971లో అందరికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న మనిషి బ్లాంకో విల్సన్ ఫెర్రెయిరా. కానీ కొలొరాడో అభ్యర్థులందరి ఓట్లూ కలిపితే బ్లాంకోల మొత్తం కన్నా కొంచెం ఎక్కువ వచ్చింది. అధ్యక్ష పదవి కొలొరాడోల్లో ముందున్న బొర్దాబెర్రికి పోయింది. రెండేళ్లకే ఆయన సైన్యంతో కలిసి పార్లమెంటును మూసేశాడు. 1996లో రాజ్యాంగం మార్చి, పార్టీకి ఒక్క అభ్యర్థే అన్నారు, సగం ఓట్లు రాకపోతే రెండో రౌండు పెట్టారు. కానీ పార్లమెంటు కాగితాలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

అందుకే నా సలహా ఇది: పార్టీ గురించి పది నిమిషాలు ఆలోచిస్తే, నంబరు గురించి గంట ఆలోచించండి. ఎందుకో 2024 నాటి ఒక్క ఉదాహరణ చాలు. ఆ రోజు ఎన్నికతో పాటే పింఛన్ల మీద ప్రజాభిప్రాయ సేకరణ కూడా జరిగింది. పింఛను వయసును 60కి కట్టేయాలి, ప్రైవేటు పింఛను నిధులను ఎత్తేయాలి అని కార్మిక సంఘాల సమాఖ్య తెచ్చిన ప్రతిపాదన. ఫ్రెంటేలో కమ్యూనిస్టులూ సోషలిస్టులూ సై అన్నారు. అదే పార్టీ అధ్యక్ష అభ్యర్థి ఒర్సి మద్దతు ఇవ్వలేదు. చివరికి అది ఓడిపోయింది. అంటే నెల జీతంలోంచి పింఛనుకు కోత పడే మనబోటి వాళ్లకు అన్నిటికన్నా దగ్గరి విషయంలో 1001కీ 609కీ ఉన్న దూరం, ఫ్రెంటేకీ బ్లాంకోలకూ ఉన్న దూరంతో పోటీ పడుతుంది. ఒర్సి నచ్చి కళ్లు మూసుకుని ఏదో ఒక ఫ్రెంటే కాగితం తీసుకుంటే, ఆయన వద్దన్నదానికి జై కొట్టే మనిషిని మీరే సెనేట్‌కు పంపినట్టు కావచ్చు.

పాత పార్టీల్లోనూ ఇదే కథ. కొలొరాడోల్లో ప్రభుత్వం పెద్దన్నలా ఉండాలనే బాట్యె వారసులున్నారు. అదే ఇంటిపేరుతో, 2000లో అధ్యక్షుడైన హోర్హె బాట్యె మార్కెట్‌ను వదిలేయాలనే మనిషి. బ్లాంకోల్లో ఎర్రేరా వర్గం వ్యాపారానికి, పెద్ద రైతులకు దగ్గర. విల్సన్ పేరు చెప్పుకునే వర్గం అంతకన్నా మధ్యేమార్గం. మా కింది అంతస్తులో ఉండే పెద్దావిడ నాలుగు తరాల బ్లాంకో. పార్టీ నాన్న నుంచి వచ్చింది గానీ లిస్టు మాత్రం తన ఇష్టమంటుంది. ఎన్నికకు ముందు నెల రోజులు వంటింటి సొరుగు నిండా వీధిలో పంచిన కాగితాలు దాచి, మాటే అనే ఇక్కడి ఆకుల కషాయం తాగుతూ ఒక్కొక్కటీ చదివి పక్కన పెడుతుంది. నేను చూసినవాళ్లలో ఓటును ఇంత శ్రద్ధగా ఎంచుకునే మనిషి లేదు.

ఎవరు వచ్చినా మారనివి, మారేవి

కొత్తగా వచ్చినవాళ్లు భయపడేది ఇక్కడే. కరెంటు బోర్డు అమ్మేస్తారా, పెట్రోలు ప్రైవేటు అవుతుందా అని. అవదు. 1992లో లకాయె పోవ్ నాన్న అధ్యక్షుడిగా ఉన్నప్పుడు ప్రభుత్వ సంస్థలను అమ్మే చట్టం తెస్తే, జనం ఓటింగ్ పెట్టించి అందులోని కీలక అధికరణాలను 70 శాతం పైచిలుకు మెజారిటీతో కొట్టేశారు. కరెంటు, చమురు శుద్ధి, నీళ్లు ఇవాళ్టికీ ప్రభుత్వానివే. అమ్ముతానని ఎన్నికల్లో చెప్పే ధైర్యం పెద్ద పార్టీల్లో ఎవరికీ లేదు. జీతం మీద ఆదాయపన్నును 2007లో ఫ్రెంటే తెచ్చింది. తర్వాత వచ్చిన బ్లాంకో ప్రభుత్వం తగ్గించింది కానీ ఎత్తేయలేదు.

మారేవి మూడు. మొదటిది పింఛను. 2023లో లకాయె పోవ్ ప్రభుత్వం పింఛను వయసును క్రమంగా 65కు పెంచింది. మీకు ఇప్పుడు నలభై లోపు ఉంటే ఇది మీ గురించే. ఫ్రెంటే ఆ చట్టాన్ని వ్యతిరేకించింది, కానీ లోపల ఎంత దూరం పోవాలన్నదాని మీద పైన చెప్పిన చీలిక ఉంది.

రెండోది పోలీసులు, శిక్షలు. 2020లో లకాయె పోవ్ వెనక బ్లాంకోలు, కొలొరాడోలు కలిసిన సంకీర్ణం 476 అధికరణాల చట్టం ఒక్కటి ఆగమేఘాల మీద పాస్ చేసింది. పోలీసుల అధికారాలు పెంచడం, సమ్మెల నియమాలు, బడుల నిర్వహణ అన్నీ అందులోనే. వాటిలో 135 అధికరణాలు రద్దు చేయాలని ఫ్రెంటే, సంఘాలు ఓటింగ్‌కు తెస్తే, 2022 మార్చిలో వెంట్రుకవాసిలో చట్టం నిలబడింది. దేశం సరిగ్గా మధ్యకు చీలిన విషయం ఇదొక్కటే అనిపిస్తుంది. రాత్రిపూట ఇళ్లలో సోదాలు అనుమతించాలన్న 2024 ప్రతిపాదన కూడా సంకీర్ణం వైపునుంచే వచ్చింది, అది ఓడింది. రాత్రి షిఫ్టు ముగించి ఇంటికి నడిచి వచ్చే అమ్మాయిలు పోలీసులు ఇంకా కావాలంటారు. శివారు పేటల్లో ఉండేవాళ్లు అదే పోలీసుల గురించి వేరే మాట చెబుతారు. మీరు ఏ వీధిలో ఉంటున్నారన్నది ఇక్కడ మీ ఓటును కొంత నిర్ణయిస్తుంది.

మూడోది సామాజిక చట్టాలు. 2012లో గర్భస్రావ హక్కు, 2013లో స్వలింగ వివాహం, అదే ఏడాది గంజాయి చట్టం, ఇవన్నీ ముహికా హయాంలోవి. కాబట్టి ఈ విషయాల్లో ఫ్రెంటే ఒక వైపు, మిగతావాళ్లు ఇంకో వైపు అనుకుంటాం. తప్పు. 2008లో గర్భస్రావ బిల్లును పార్లమెంటు పాస్ చేస్తే వీటో చేసింది ఫ్రెంటే అధ్యక్షుడు వాస్కెస్, ఆయన క్యాన్సర్ డాక్టర్. 2025లో పాసైన కారుణ్య మరణ చట్టం కోసం ఏళ్ల తరబడి తిరిగింది ఒక కొలొరాడో సభ్యుడు. ఇక్కడ కూడా నంబరు చూడాల్సిందే.

కుంభకోణాలను బట్టి ఎంచుకుందామంటే అది కుదరదు. ఫ్రెంటే ఉపాధ్యక్షుడు రౌల్ సెందిక్ ప్రభుత్వ సంస్థ క్రెడిట్ కార్డు వాడకం గొడవలో 2017లో రాజీనామా చేశాడు. బ్లాంకో అధ్యక్షుడి అంగరక్షకుల పెద్దను 2022లో దొంగ పాస్‌పోర్టుల కేసులో అరెస్టు చేశారు. సమానం.

చిన్న పార్టీలు

మన దగ్గర చిన్న పార్టీకి వేస్తే ఓటు మురిగిపోయిందంటారు. ఇక్కడ దామాషా పద్ధతి కాబట్టి దిగువ సభకు మురగదు. 2024లో 2 శాతం కూడా రాని ఇండిపెండెంట్ పార్టీకి 99 మందిలో ఒక సభ్యుడు వచ్చాడు. సెనేట్‌కు మాత్రం అంత తక్కువ చాలదు. ఆ సారి సెనేట్ మొత్తం మూడు పెద్ద పార్టీలే పంచుకున్నాయి.

కానీ ఒక హెచ్చరిక. మాజీ సైన్యాధిపతి మనీని రీయోస్ నాయకత్వంలో కబిల్దో అబియెర్తో పార్టీ 2019లో 11 శాతం తెచ్చుకుని 11 మందిని దిగువ సభకు పంపింది. అయిదేళ్లకు ఇద్దరు మిగిలారు. పాత పార్టీల మీద కోపంతో కొత్త జెండా పట్టిన ఓటరు ఇక్కడ త్వరగా పాత ఇంటికి వెళ్లిపోతాడు. 2024లో కొత్తగా వచ్చిన గుస్తావో సాయె పార్టీ, టీకాలనూ ప్రపంచీకరణనూ తిట్టి రెండు సీట్లు తెచ్చుకుంది. ఎంతకాలం ఉంటుందో చెప్పలేను. నిరసన తెలపడానికే ఓటు వేస్తున్నానంటే వేయండి. పని జరగాలంటే పెద్ద పార్టీలో మీకు దగ్గరగా ఉన్న నంబరే ఎక్కువ పనికొస్తుంది. ఫ్రెంటేకు ఇప్పుడు సెనేట్‌లో ఆధిక్యం ఉంది, దిగువ సభలో 48 మందే. ప్రతి పెద్ద చట్టానికీ అవతలి గుడారం నుంచి ఇద్దరిని ఒప్పించాలి. ఆ ఇద్దరు ఏ వర్గంవాళ్లన్నదే ఇప్పుడు అసలు కథ.

ఏ ఓటు ఎప్పుడు

జూన్ చివరి ఆదివారం పార్టీల లోపలి ఎన్నిక. తప్పనిసరి కాదు, మూడోవంతు పైచిలుకు మందే వస్తారు. మీ ఓటుకు అన్నిటికన్నా బరువు ఉండేది ఆ రోజే, బద్ధకించకండి. అక్టోబరు చివరి ఆదివారం పార్లమెంటు, అధ్యక్షుడు. ఒకే కాగితంలో అన్నీ ఉంటాయి కాబట్టి అధ్యక్షుడికి ఒక పార్టీ, సెనేట్‌కు ఇంకో పార్టీ అంటే కుదరదు. రెండు పార్టీల కాగితాలు ఒకే కవరులో పెడితే ఓటు చెల్లదు. నవంబరు చివరి ఆదివారం రెండో రౌండు, ఇద్దరే ఉంటారు, ఇక లిస్టుల గొడవ లేదు. తర్వాతి ఏడాది మేలో జిల్లా ఎన్నికలు. రోడ్లు, చెత్త, వీధి దీపాల కోసం వేసే ఓటు అది. అక్టోబరులో ఫ్రెంటేకు వేసి, మేలో బ్లాంకో ఇంటెండెంటుకు, అంటే జిల్లా పాలకుడికి, వేసేవాళ్లు లోపలి ఊళ్లలో బోలెడుమంది ఉంటారు. అక్కడ రంగు కన్నా మనిషి ముఖ్యం.

ఓటు వేయకపోతే జరిమానా ఉంది. విదేశం నుంచి వేసే వీలు లేదు. ప్రతి ఎన్నికకూ బ్యూనస్ ఐరెస్‌లో ఉన్న ఉరుగ్వేవాళ్లు పడవలెక్కి నది దాటి వస్తారు. మీరు ఆ నెలలో సెలవు పెట్టి విజయవాడ వెళ్లాలనుకుంటే ముందే తేదీలు చూసుకోండి.

తర్వాతి ఎన్నిక 2029లో. జూన్ 24న లోపలి ఎన్నిక, అక్టోబరు 28న పెద్దది. 2013లోపు వచ్చి ఉండిపోయినవాళ్లకు 2028 చివరికి పదిహేనేళ్లు నిండుతాయి. ఓటరు నమోదు ఎన్నికకు కొన్ని నెలల ముందే ఆగిపోతుంది కాబట్టి 2028లోనే ఎన్నికలు నడిపే ఎలక్టోరల్ కోర్టుకు నివాసం రుజువులు పట్టుకుని వెళ్లండి. ఇంటి అద్దె కాగితాలు, జీతం రసీదులు పాతవి పారేయకండి, నావి రెండేళ్లవి దొరక్క చాలా తిరిగాను. ఎన్నిక రోజు మీ నంబరు కాగితాన్ని ఇంటి దగ్గరే మడిచి జేబులో పెట్టుకుని వెళ్లొచ్చు, అందరూ అదే చేస్తారు. ఆ గదిలో బల్లల ముందు వెతుక్కుంటూ నిలబడక్కర్లేదు.